కొండదారిలో గుర్రపు పెరిక

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైనది. అక్కడ ఓడలో సరుకు నింపేటప్పుడు అది ఏ పక్కకూ ఒరగకుండ బరువును పంచుతారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఆ రేవుకు తెచ్చే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960వ దశకంలో నిర్మితమై, అరకులోయ మీదుగా సాగుతున్నది. ఆ పట్టాలకు ఎడంగా, కొండలలో, రోడ్డు చేరని గూడేలకు నేటికీ కాలిబాటలే దిక్కు. ఆ బాటల మీద సరుకు మోసేది పొట్టి గుర్రం. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ, పసుపు, మిరియాలు వారపు సంతలకు గుర్రాల మీద దిగుతుంటవి. రోడ్డులేని గ్రామాలకు చౌకధరల బియ్యం గుర్రాల మీద చేరిన సందర్భాలు ఇటీవలి సంవత్సరాలలోనూ ఉన్నవి.

ఇట్టి ప్రయాణానికి మూట కట్టడం ఒక విద్య. మొదట తెలియవలసినది పరిమితి. గుర్రం తన బరువులో అయిదవ వంతుకు మించి మోయరాదని అనుభవజ్ఞుల లెక్క. 200 కిలోల గుర్రమైతే జీనుతో కలిపి 40 కిలోలు. ఎక్కుడు దారిలో అంతకన్న తగ్గించడమే మేలు.

రెండవది గంత. ‘గంతకు తగ్గ బొంత’ అనే సామెత అందరికీ తెలుసు. గంత అంటే బరువు మోసే పశువు వీపున వేసే మెత్త. అందులో మడత గాని, ఇసుక రేణువు గాని ఉండరాదు. వెన్నుపూస మీద భారం పడకుండ, మెత్త రెండు పక్కల కండరాల మీదనే ఆనవలెను.

మూడవది సమత. రెండు వైపుల పెరికలు 20 కిలోల వంతున ఉంటే గుర్రం సుఖంగా నడుస్తుంది. ఒకటి 25, మరొకటి 15 అయితే మొత్తం మారదు; కాని గంత ఒక పక్కకు జారి, ప్రతి అడుగుకూ చర్మాన్ని రాస్తుంది. బరువైనవి అడుగున, శరీరానికి దగ్గరగా సర్దవలెను. గిన్నెల వంటి గట్టి వస్తువులు గుర్రపు డొక్కకు తగలకుండ మధ్య బట్టలు పెట్టవలెను. మందులు, తాడు, వానగుడ్డ చేతికందేటట్లు పైన ఉండవలెను.

బయలుదేరిన అరగంటకు ఒకసారి ఆగి, కడుపు కింది పట్టీని మళ్ళీ బిగించాలి. నడకలో మూటలు సర్దుకుని పట్టీ వదులవుతుంది. ఎక్కుడులో మూట వెనుకకు జారకుండ రొమ్ముపట్టీ, దిగుడులో ముందుకు జారకుండ తోకకింది పట్టీ కాపాడుతవి. మజిలీ చేరగానే బరువు దించి, వీపును అరచేతితో తడిమి చూడాలి. వేడి, వాపు, రాలిన వెంట్రుకలు రాబోయే పుండుకు గుర్తులు.

ఆ పుండు మానడానికి వారాలు పట్టవచ్చు. అంతవరకు ఆ ఇంటివారి పసుపు సంతకు దిగాలంటే మనిషి వీపే దిక్కు. అందుచేత బహుదూర ప్రయాణంలో గుర్రపు దాణా, మందు, తాడు ముందు సర్దుకొని, మిగిలిన చోటులోనే మనిషి తన సౌఖ్యాలను చూసుకోవలెను. మనిషికి బరువైతే నోరు విప్పి చెప్పగలడు. గుర్రం చెప్పలేదు, మూట కట్టేవాడే దాని తరఫున ఆలోచించవలెను.