‘బీపీ గోలి’ పనితీరు: అమ్లోడిపిన్ - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగే విజయవాడ రహదారి పొడవునా మందుల దుకాణాలు కనిపిస్తాయి. వాటిలో తరచుగా వినిపించే మాట ‘బీపీ గోలి’. హైదరాబాదు వాడుకలో స్థిరపడిన ఈ ఒక్క పేరు కింద, పనితీరులో పరస్పరం భిన్నమైన అనేక ఔషధాలు ఉన్నాయి. వాటిలో విరివిగా వాడేది అమ్లోడిపిన్. 2017లో ప్రారంభమై, తొలి దశలోనే తెలంగాణను చేర్చుకొన్న భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలోని ముఖ్యమైన మందులలో ఇదీ ఒకటి. ఈ గోలి దేహంలో ఏం చేస్తుందో, అంకెలు సాధారణ స్థితికి వచ్చిన తరువాత కూడా దానిని ఎందుకు కొనసాగించవలసి వస్తుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. రక్తపోటు - నాళపు వెడల్పు

ప్రవహించే రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడే రక్తపోటు. వేర్వేరు రోజులలో కొలిచినప్పుడు పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే సాధారణంగా దానిని అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. ఈ ఒత్తిడి ప్రధానంగా రెండింటిపై ఆధారపడుతుంది: గుండె పంపే రక్త పరిమాణం, చిన్న ధమనులు ప్రవాహానికి కలిగించే నిరోధం. ద్రవప్రవాహ సూత్రం ప్రకారం నిరోధం నాళ వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే నాళం 10 శాతం విచ్చుకొంటే నిరోధం సుమారు మూడో వంతు తగ్గుతుంది. అందువల్లనే స్వల్పమైన వెడల్పు కూడా గణనీయమైన ఫలితాన్నిస్తుంది.

3. కాల్షియం పాత్ర

ధమనుల గోడలలో నునుపు కండరం ఉంటుంది. కణపు పొరలోని సూక్ష్మ ద్వారాల గుండా కాల్షియం లోపలికి చేరినప్పుడు, అది కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీనుతో కలిసి కండరాన్ని సంకోచింపజేస్తుంది, నాళం బిగుసుకొంటుంది. అమ్లోడిపిన్ ఈ ద్వారాలను అంటిపెట్టుకొని కాల్షియం ప్రవేశాన్ని తగ్గిస్తుంది. కండరం సడలి నాళం విచ్చుకొంటుంది. ఎముకలలోని కాల్షియాన్ని ఇది హరించదు. చేతులు, కాళ్ల కండరాలు సంకోచానికి తమలోని నిల్వలపై ఆధారపడతాయి గనుక వాటి బలమూ తగ్గదు.

4. నిలిచే వెడల్పు - నిలవని వెడల్పు

ఎల్.బి. నగర్ కూడలిలో 2019 నుంచి దశలవారీగా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాయి. వాహనాలు తగ్గకపోయినా, దారి పెరగడంతో ఒత్తిడి సడలింది. అమ్లోడిపిన్ చేసేదీ ఇటువంటి పనే. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. కట్టిన వంతెన నిలిచి ఉంటుంది; గోలి ఇచ్చిన వెడల్పు మందు దేహంలో ఉన్నంతవరకే ఉంటుంది. రక్తంలో అమ్లోడిపిన్ పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు 30 నుంచి 50 గంటలు పడుతుంది. కనుక రోజుకొక గోలి చాలుతుంది. రోజూ వాడితే రక్తంలో దాని స్థాయి నిలకడ చెందడానికి వారం దాటుతుంది. మానివేసినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా గాక కొద్ది రోజులలో క్రమంగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చాలామందికి ఏ బాధా కలిగించదు. ‘తగ్గింది కదా’ అని మానినవారికి ఆ నిర్ణయం సరైనదేనన్న భ్రమ కలగడానికి కారణం ఇదే. పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం ఈ నిశ్శబ్దంలోనే సిద్ధమవుతాయి.

5. పాదాల వాపు - పేరులోని ప్రత్యయం

ఈ మందు వాడేవారిలో కొందరికి చీలమండల వద్ద వాపు వస్తుంది. చిన్న ధమనులు విచ్చుకొన్నంతగా సిరలు విచ్చుకోకపోవడం వల్ల కేశనాళికలలో ఒత్తిడి పెరిగి, ద్రవం కణజాలంలోకి ఊరుతుంది. వాపునకు ఇతర కారణాలూ ఉండవచ్చు గనుక వైద్యునికి చూపించాలి. మోతాదు తగ్గించడమో మందు మార్చడమో ఆయన నిర్ణయిస్తారు. తనంతట తాను మానడం పరిష్కారం కాదు.

‘వేటకాడు’లోని ‘-కాడు’ చేసే పనిని సూచించినట్లే, మందు అసలు పేరు చివరి భాగం దాని వర్గాన్ని సూచిస్తుంది. అమ్లోడిపిన్, సిల్నిడిపిన్‌లలోని ‘-డిపిన్’ కాల్షియం ద్వారాలను అడ్డేవాటికి గుర్తు. టెల్మిసార్టాన్‌లోని ‘-సార్టాన్’ నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ ప్రభావాన్ని అడ్డే మరో వర్గానికి గుర్తు; ఈ వర్గపు మందులు గర్భిణులకు తగవు. కంపెనీ పెట్టిన పేరు దుకాణాన్ని బట్టి మారవచ్చు, అసలు పేరు మారదు. రెండు వేర్వేరు పేర్ల పట్టీలలో ఒకే అమ్లోడిపిన్ ఉన్నదని గమనించకపోతే మోతాదు రెట్టింపయ్యే ప్రమాదం ఉంది.

6. ముగింపు

అమ్లోడిపిన్ రక్తపోటును నిర్మూలించదు. నాళాన్ని ఏ రోజుకారోజు విప్పి ఉంచుతుంది. సాధారణ స్థితికి వచ్చిన అంకె మందు పని ముగిసిందనడానికి గాక, పని జరుగుతున్నదనడానికి నిదర్శనం. ‘బీపీ గోలి’ అన్న వాడుక మాటతో పాటు పట్టీపై ఉన్న అసలు పేరునూ చదివి గుర్తుంచుకోవడం ప్రతి కుటుంబానికి అవసరం.