రెండో దారి

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ డేటా భద్రపరచడం నా పని. ఒకసారి హార్డ్‌డిస్క్ చెడిపోయి రోజంతా తీసిన సీన్లు పోయాయి. అప్పటి నుంచి ప్రతి షాటూ రెండు డిస్కుల్లోకి ఎక్కిస్తాను. రెండింటినీ వేర్వేరు బండ్లలో జూబ్లీహిల్స్ ఎడిటింగ్ రూముకు పంపుతాను.

2018లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘అంతరిక్షం’ సినిమా చూశాక, ఉపగ్రహాల్లో ఈ జాగ్రత్త ఎలా ఉంటుందో చదివాను. లోపలి పరికరాలు మాట్లాడుకునే తీగల దారిని డేటా బస్ అంటారు. దీనికి 1978 నాటి 1553బి అనే ప్రమాణం నేటికీ వాడుకలో ఉంది. ఒక కంట్రోలర్ పేరుపేరునా పిలిస్తేనే పరికరాలు పలుకుతాయి. అవి 31 దాకా ఉండొచ్చు. వేగం సెకనుకు 10 లక్షల బిట్లు.

దారులు మాత్రం రెండు: ఏ, బి. ఏలో జవాబు రాకపోతే కంట్రోలర్ బిలో అడుగుతుంది. ఒకే దెబ్బకు రెండూ తెగకుండా తీగలను దూరదూరంగా నడుపుతారు. ఒక పరికరంలో షార్ట్ అయినా దారంతా మూగబోకుండా మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు. కంట్రోలర్ ఒక్కటే ఉంటే అదే చెడిపోవచ్చు కనుక దానికీ జోడు ఉంచుతారు.

శ్రీహరికోటలో నేల విడిచిన ఉపగ్రహం దగ్గరికి మెకానిక్ వెళ్లలేడు. అందుకే రెండో దారిని నేలమీదే పరీక్షించాలి. నేనూ అంతే, ప్యాకప్ అయ్యాక రెండో డిస్క్ తెరిచి చూశాకే ఇంటికి బయల్దేరతాను.