కఠిన నేలల్లో ట్రాక్టరు టైర్ల మన్నిక: ఎంపికలో గమనించవలసిన అంశాలు

ట్రాక్టరు ఇంజనులో పుట్టిన శక్తి లాగుడు బలంగా మారేది టైరు నేలను తాకే చోటనే. మన రాష్ట్రాల్లో ఒకే ట్రాక్టరు వానకాలంలో వరి మడిని దమ్ము చేస్తుంది, రాళ్లున్న ఎర్ర చల్కలను దున్నుతుంది, కోతల తరువాత ధాన్యపు ట్రాలీని తారురోడ్డుపై మార్కెట్టుకు లాగుతుంది. ఈ మూడు పనులకు మూడు రకాల టైర్లు అనువైనవి. కానీ రైతు వద్ద ఉండేది ఒక్క జతే. అందువల్ల ఏ టైరు గట్టిదన్న ప్రశ్నకు ఒక కంపెనీ పేరు సమాధానం కాజాలదు. నేల స్వభావం, మోయవలసిన బరువు, గాలి పీడనం ఈ మూడూ కుదిరినప్పుడే టైరు మన్నుతుంది.

టైరుపై ఉన్న గుర్తులు

వెనుక టైరుపై 13.6-28, 12 పి.ఆర్. అని ఉంటే టైరు వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 28 అంగుళాలు అని అర్థం. రెండు అంకెల మధ్య అడ్డగీత ఉంటే అది బయాస్ టైరు, 'ఆర్' అక్షరం ఉంటే రేడియల్ టైరు. పి.ఆర్. అంటే ప్లై రేటింగ్. ఇది టైరులోని దారపు పొరల అసలు సంఖ్య కాదు, టైరు బలాన్ని తెలిపే సూచిక మాత్రమే. ఎక్కువ ప్లై రేటింగ్ ఉన్న టైరు దానంతటదే ఎక్కువ బరువు మోయదు. అది ఎక్కువ గాలి పీడనాన్ని తట్టుకుంటుంది, ఆ పీడనం వద్ద మాత్రమే ఎక్కువ బరువు మోస్తుంది. వేగపు గుర్తు ఎ6 అయితే గంటకు 30 కి.మీ., ఎ8 అయితే 40 కి.మీ. గరిష్ఠ పరిమితి. చివరగా నాలుగంకెల తయారీ గుర్తును చూడాలి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. వాడకపోయినా రబ్బరు కాలక్రమేణా గట్టిపడి పగుళ్లు తేలుతుంది గనుక ఈ గుర్తును విస్మరించరాదు.

నేలను బట్టి ట్రెడ్

టైరుపై ఏటవాలుగా ఉబ్బెత్తుగా ఉండే రబ్బరు పట్టీలను లగ్‌లు అంటారు. సాధారణ మెట్ట సేద్యానికి ఆర్-1 రకం సరిపోతుంది. తడి పొలంలో, జిగురుగా అంటుకునే నల్లరేగడిలో లగ్‌ల నడుమ మట్టి నిండి టైరు నున్నని చక్రంలా తిరుగుతుంది. ఇటువంటి చోట్ల లగ్‌లు మరికొంత ఎత్తుగా ఉండే ఆర్-1డబ్ల్యు, నిరంతరం దమ్ములోనే పనిచేసే ట్రాక్టర్లకు ఆర్-1 కంటే దాదాపు రెట్టింపు ఎత్తు లగ్‌లున్న ఆర్-2 రకం అనువైనవి. అయితే ఎత్తైన లగ్‌లు గట్టి రోడ్డుపై అటూఇటూ వంగుతూ, వేడెక్కి త్వరగా అరుగుతాయి. అందువల్ల ఏడాదిలో ఎక్కువ గంటలు ఏ పనికి వెళుతున్నాయో లెక్క వేసి, ఆ పనికి తగిన ట్రెడ్‌ను ఎంచుకోవాలి.

టైరు పక్కభాగంపై తిరిగే దిశను బాణం గుర్తు తెలుపుతుంది. లగ్‌లు మట్టిని మధ్య నుంచి పక్కలకు నెట్టి తమను తాము శుభ్రపరచుకునేలా ఆ దిశను నిర్ణయిస్తారు. తిరగేసి బిగిస్తే ఆ గుణం పోయి, లాగే శక్తి తగ్గుతుంది.

రాళ్లు, మోళ్లు

బయాస్ టైరులో దారపు పొరలు ఒకదానినొకటి ఏటవాలుగా ఖండించుకుంటూ సాగుతాయి. అందువల్ల పక్కభాగం బిరుసుగా ఉండి రాళ్ల రాపిడిని కొంత మెరుగ్గా తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ. రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరొక అంచుకు అడ్డంగా సాగుతాయి, ట్రెడ్ కింద విడిగా పట్టీలు ఉంటాయి. పక్కభాగం మెత్తగా వంగడం వల్ల టైరు నేలపై ఎక్కువ వైశాల్యంలో పరుచుకుంటుంది. జారుడు, నేల గట్టిపడటం రెండూ తగ్గుతాయి. కానీ పలుచని పక్కభాగానికి పదునైన రాయి తగిలితే కోత పడే ప్రమాదం ఎక్కువ. కాబట్టి రాళ్ల భూములున్న రైతుకు బయాస్, విశాలమైన రాళ్లు లేని కమతాలకు రేడియల్ అనుకూలం.

కంది, పత్తి కోసిన పొలాల్లో మోళ్లు ఎండి మేకుల్లా నిలుస్తాయి. ఏటవాలుగా కోసిన మోడు కొత్త టైరునైనా చీల్చగలదు. ముందుగా మోళ్లను రోటవేటరుతోగానీ ష్రెడ్డరుతోగానీ నలగగొట్టడం, చక్రాలు సాళ్ల మధ్యగా వెళ్లేలా నడపడం ఖరీదైన టైరు కొనడం కంటే మేలైన రక్షణ.

గాలి పీడనం

టైరు నేలపై మోపే ఒత్తిడి దాదాపుగా అందులోని గాలి పీడనానికి సమీపంగా ఉంటుంది. అందుచేత అధిక పీడనంతో పొలంలో దిగితే టైరు తక్కువ వైశాల్యంలో ఆనుతుంది, నేల గట్టిపడుతుంది, జారుడు పెరుగుతుంది, లగ్‌లు మధ్యభాగంలో అరుగుతాయి. తక్కువ పీడనంతో బరువైన ట్రాలీని రోడ్డుపై లాగితే పక్కభాగం పదేపదే వంగి వేడెక్కి పగుళ్లు తేలుతుంది, టైరు రిమ్ముపై జారి ట్యూబు వాల్వు తెగుతుంది. చాలా ట్రాక్టర్ల వెనుక టైర్లకు పొలంలో చదరపు అంగుళానికి సుమారు 12-14 పౌండ్ల పీడనం వాడుకలో ఉంది, రవాణాకు అంతకంటే పెంచాలి. ఖచ్చితమైన అంకెను తయారీదారు ఇచ్చిన బరువు-పీడనం పట్టికనుంచే తీసుకోవాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి.

అదనపు బరువు కోసం టైరులో నీరు నింపినప్పుడు పరిమాణంలో 75 శాతానికి మించరాదు. మిగిలిన చోటు గాలికి ఉండాలి, లేకుంటే కుదుపులకు టైరు వంగే వీలు ఉండదు.

జారుడును కొలిచే విధానం

టైరు ఎంపిక సరిపోయిందో లేదో పొలంలోనే తేల్చవచ్చు. వెనుక చక్రంపై సున్నంతో గుర్తు పెట్టి, పనిముట్టును పైకెత్తి 10 చుట్లలో ట్రాక్టరు నడిచిన దూరాన్ని కొలవాలి. తరువాత అదే పొలంలో పనిముట్టును దించి, దున్నుతూ 10 చుట్ల దూరాన్ని కొలవాలి. మొదటిది 40 మీటర్లు, రెండవది 35 మీటర్లు అనుకుంటే, తేడా 5 మీటర్లను 40తో భాగించి 100తో గుణించగా జారుడు 12.5 శాతం వస్తుంది. గట్టి నేలలో 8-10 శాతం, దున్నిన నేలలో 11-13 శాతం, మెత్తని నేలలో 14-16 శాతం ఆమోదయోగ్యం. అంతకు మించితే డీజిలు, రబ్బరు రెండూ వృథా అవుతున్నట్లే. అప్పుడు బరువు పెంచడం, పీడనాన్ని సరిచేయడం, పనిముట్టు లోతు తగ్గించడం వంటివి ముందుగా ప్రయత్నించాలి. జారుడు మరీ తక్కువగా ఉంటే అనవసరమైన బరువు మోస్తున్నట్లు గ్రహించి, దానిని తగ్గించాలి.

విస్తరణ సిబ్బందికి

నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టర్లలో ముందు, వెనుక టైర్ల పరిమాణాలకు గేర్ల నిష్పత్తితో సంబంధం ఉంటుంది. ఒక జతను మాత్రమే వేరే పరిమాణంలోకి మారిస్తే టైర్లు అసమానంగా అరగడమే కాక గేర్లపై భారం పడుతుంది. పాత టైరుకు రీట్రెడింగ్ చేయించేముందు లోపలి దారపు పొరలు దెబ్బతినలేదని నిర్ధారించుకోవాలి. పని లేని కాలంలో ట్రాక్టరును నీడలో నిలిపి, టైర్లపై పడిన నూనె, గ్రీజులను కడిగివేయాలి.

టైర్ల జత చిన్న రైతుకు ఒక్కసారిగా మీదపడే పెద్ద ఖర్చు. సలహా కోరి వచ్చిన రైతును ముందుగా ఆయన నేల గురించి, ఏడాదిలో ట్రాక్టరు చేసే పనుల గంటల గురించి అడిగి తెలుసుకోవాలి. గాలి కొలిచే గేజి ఒకటి, సున్నపు గుర్తు ఒకటి ఉంటే చాలు, ఆ ఖర్చులో కొంత భాగాన్ని ఆయన తన పొలంలోనే ఆదా చేసుకోగలుగుతాడు.