బ్యాంకులో కాగితాలు ఎందుకు అడుగుతారు?

అక్కలారా! జక్రాన్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుండి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎందరో. ఇంటాయన పైసలు పంపాలంటే మీకు బ్యాంకులో ఖాతా కావాలి. ఖాతాకు ఆధార్ అడుగుతారు, ఫోటో అడుగుతారు. "మా పైసలకు ఇన్ని కాగితాలెందుకు?" అని విసుగొస్తుంది. హవాలా మనిషి ఏమీ అడగడు. ఇంటికే తెచ్చి ఇస్తాడు. మరి ఏది మంచిది?

ముందు ఒక సంగతి వినండి.

2013 ఫిబ్రవరి 21. సాయంత్రం పూట. హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్. సైకిళ్ళ మీద పెట్టిన రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. వాళ్ళు ఎవరికీ కీడు చేసినవాళ్ళు కారు. ఇలా జనాన్ని చంపి, భయపెట్టి, తమ పంతం నెగ్గించుకోవాలని చూడడమే ఉగ్రవాదం.

2008లో ముంబాయి మీద దాడి జరిగాక మన దేశం జాతీయ దర్యాప్తు సంస్థను పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ కేసును ఆ సంస్థే చూసింది. 2016లో కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కానీ ముఖ్య నిందితుడు దొరకలేదు. దేశం దాటిపోయాడని అధికారులు చెప్పారు.

దొంగ పక్క ఊరికి పారిపోతే ఏం చేస్తాం? ఆ ఊరి పెద్దల సాయం అడుగుతాం. దేశాలకూ అంతే. ఉగ్రవాదికి ఎవరూ నీడ ఇవ్వకూడదని 1996లోనే మన దేశం ఐక్యరాజ్య సమితిలో ఒక ఒప్పందం ముందు పెట్టింది. ఎవరిని ఉగ్రవాది అనాలో దేశాల మధ్య ఇంకా మాట కుదరలేదు.

ఒక్క సంగతిలో మాత్రం మాట కలిసింది. బాంబుకు పైసలు కావాలి. ఆ పైసలు ఆపాలి. 2001లో సమితి అన్ని దేశాలకూ ఈ పని అప్పజెప్పింది. ఎవరు సరిగా చేస్తున్నారో ప్యారిస్‌లోని ఎఫ్.ఏ.టి.ఎఫ్. అనే సంస్థ చూస్తుంది. 2018లో అది పాకిస్తాన్‌ను నిఘా జాబితాలో పెట్టింది. 2022లో తీసింది. మన దేశాన్ని కూడా తనిఖీ చేస్తుంది.

అందుకే ఈ కాగితాలు. హవాలాలో చెమటోడ్చిన పైసలూ, బాంబు పైసలూ ఒకే దారిన పోతాయి. ఏవి ఎవరివో తెలియదు. పైగా హవాలా చట్టానికి విరుద్ధం. మోసపోతే చూపడానికి రశీదు కూడా ఉండదు.

ఇంకొక మాట. ఉగ్రవాదానికి మతం అంటగట్టకండి. 2007లో మక్కా మసీదులో బాంబు పేలితే చనిపోయింది నమాజుకు వచ్చినవాళ్ళే. తరువాత పట్టుకున్న ముస్లిం యువకులు కొందరు నిర్దోషులని కోర్టు వదిలేసింది. పట్టాల్సింది నేరం చేసినవాణ్ణి. అనుమానించాల్సింది ఇరుగుపొరుగును కాదు.

ఈసారి బ్యాంకుకు పోతే వేలిముద్ర వేయకండి. సంతకం పెట్టండి. పాసుబుక్కు మీరే చదవండి. ఎంత వచ్చింది? ఏ రోజు వచ్చింది?