పండుగ దినములు – ఇంటిల్లిపాదికి తీరిక

దసరా దగ్గరపడినదనగానే గ్రామ పంచాయతీలకు పనులు పెరుగును. వీధి దీపములు బాగు చేయించవలెను. చెరువు గట్టున పిచ్చిమొక్కలు కొట్టించవలెను. బతుకమ్మ ఆడు స్థలమును చదును చేయించవలెను. ఈ పనులను గూర్చి మన సభ్యులకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఏటేటా చేయుచునే యున్నారు. మేమిచ్చట ప్రస్తావింపదలచినది వాని వెనుకనున్న మరియొక విషయము. పండుగ నాలుగు దినములును ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండి, నెమ్మదిగా తిని, తీరికగా మాటలాడుకొనుటకు వీలు కలుగుచున్నదా? కలుగనిచో ఆ తీరిక ఎచ్చట పోవుచున్నది? దానిని తిరిగి తెచ్చుటలో పంచాయతీకి చేయదగిన పని యేదైన కలదా?

గండిపేట చుట్టుపట్ల గ్రామములను చూచినచో ఈ ప్రశ్న బాగుగా బోధపడును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నదికి వచ్చిన వరదలో హైదరాబాదు నగరమునకు అపారమైన ప్రాణనష్టము కలిగినది. మరల అట్టి యాపద రాకుండుటకును, నగరమునకు త్రాగునీరు సమకూర్చుటకును, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాను అనుసరించి మూసీకి అడ్డముగా ఇచ్చట ఆనకట్ట కట్టిరి. అది 1920లో పూర్తియైనది. నాటి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేర దానికి ఉస్మాన్‌సాగరమని పేరు పెట్టిరి గాని, జనులకు మాత్రము అది గండిపేట చెరువే. సెలవు వచ్చినచో నగరవాసులు పిల్లాపాపలతో ఈ గట్టునకు వచ్చి, నీటిని చూచుచు గంటల కొలది కూర్చుందురు. సమీపమున చిలుకూరు బాలాజీ ఆలయమునకు వచ్చు భక్తులలో పలువురు తిరుగు ప్రయాణములో ఇచ్చట ఆగుదురు. నగరమునకు కావలసిన త్రాగునీటితోపాటు తీరికను కూడ గండిపేటయే ఇచ్చుచున్నదని చెప్పవచ్చును.

అయితే ఆ ఊళ్ళవారి తీరిక మాటయేమి? నగరవాసులకు సెలవు అయిన దినమే ఇచ్చట పని హెచ్చు. మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మువారు ఉదయమే బండి తోసికొని పోయి రాత్రి గాని ఇల్లు చేరరు. పట్టణపు ఆసాములు కట్టించుకొన్న తోట బంగళాలలో కావలి యుండు దంపతులకు యజమానులు పండుగకు వచ్చినప్పుడే చేతినిండ పని. ఇక చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల పూలరైతుల సంగతి వేరుగ చెప్పవలెను. బంతి, చామంతి పూలకు బతుకమ్మ దినములలోనే గిరాకి. పూవు నిలువ యుండునది కాదు. తెల్లవారక ముందే గుడిమల్కాపురం పూల మార్కెట్టుకు బుట్టలు చేరవలెను. అందుచే ఊరంతయు పండుగ చేసికొను వేళ ఆ యింటివారు, పిల్లలతో సహా, తోటలో వంగి పూలు కోయుచుందురు. ఇట్టివారికి "తొందర మానుడు, నింపాదిగా నుండుడు" అని ఉపన్యసించుట కంటె అవివేకము లేదు. ఏడాది పెట్టుబడి తిరిగి చేతికి వచ్చు నాలుగు దినములవి. వారిని పని మానుమనుట కాదు, వారి పండుగను ఏ దినమునకు జరుపవచ్చునో ఆలోచించుట మేలు.

తీరిక యనునది మన పండుగలకు బయటినుండి తెచ్చి తగిలించవలసినది కాదు. పెద్దలు దానిని పండుగ కట్టుబాటులోనే అమర్చి యుంచిరి. బతుకమ్మనే చూడుడు. పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగియు ఈ తొమ్మిది దినములలో నైవేద్యములెంత తేలికగా నున్నవో గమనింపవలెను. రెండవనాడు అటుకులు, మూడవనాడు ముద్దపప్పు, నాలుగవనాడు నానబియ్యము, ఐదవనాడు అట్లు. పొయ్యి ముందర దినమంతయు నిలువవలసిన వంట ఇందులో లేదు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు బతుకమ్మను పేర్చరు, నైవేద్యము పెట్టరు. తొమ్మిది దినముల పండుగ నట్టనడుమ ఒకనాడు ఏమియు చేయకుండుటయే ఆచారము! అమ్మవారికి అలుకయని పేరు పెట్టిరి గాని, దాని ఫలము ఆడువారికి ఒకనాటి విశ్రాంతి. ఇక చివరినాటి సద్దులన్నచో, ముందుగా కలిపి మూటగట్టుకొని పోవు అన్నములు: చింతపండు పులిహోర, పెరుగన్నము, నువ్వుల సద్ది, దానితో రొట్టె బెల్లము కలిపిన మలీద. బతుకమ్మను నీట విడిచిన పిమ్మట గట్టుననే కూర్చుండి ఒకరికొకరు పంచుకొని తిందురు. వడ్డించువారు వేరు, తినువారు వేరు కారు.

సంక్రాంతి పిమ్మట వచ్చు కనుమ సంగతియు ఇట్టిదే. కనుమ నాడు కాకి కూడ కదలదని సామెత. చుట్టములు తిరుగు ప్రయాణము కట్టకుండ మరియొక దినము నిలుచుటకు ఇంతకంటె మంచి సాకు ఏమి కలదు? అమావాస్య నాడు అరక కట్టని అలవాటు మన పల్లెలలో ఎద్దుకు సైతము విశ్రాంతి నిచ్చినది. ఇప్పుడు ట్రాక్టరునకు అమావాస్య లేదు, ఫోనునకు కనుమ లేదు.

ఇప్పటి పండుగలో వంటలు హెచ్చినవి, చేయు చేతులు తగ్గినవి. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము జీతము లేని ఇంటిపనులు చేయు స్త్రీలు సగటున దినమునకు 289 నిమిషములు ఆ పనులలో గడపుచున్నారు. ఆ పనులలో పాల్గొను పురుషులు గడపునది 88 నిమిషములు. ఇది దేశమంతటికిని సంబంధించిన లెక్క. పండుగనాటి లెక్క వేరుగ మాకు తెలియదు గాని, మన యిండ్లలో ఆనాడు ఏమి జరుగునో చూచినవారికి లెక్క అవసరము లేదు. సకినాలు, గారెలు, మాంసము, వచ్చినవారికెల్ల మరల మరల తేనీరు. అత్తవారింటినుండి ఆడుబిడ్డ పుట్టింటికి వచ్చునది నాలుగు దినములు తల్లి ప్రక్కన కూర్చుండుటకు. వచ్చిన గంటకే ఆమెయు పొయ్యి దగ్గర చేరుచున్నది. తల్లీకూతుళ్ళు ఒకే వంటింటిలో నున్నను, ఒకరి ముఖమొకరు చూచి మాటలాడుకొనుటకు సందు దొరకదు. మగవారు అరుగుమీద, పిల్లలు ఫోనులలో. కొన్ని యిండ్లలో సాయంకాలమునకు సీసాలు కూడ తెరచుకొనును. ఆ పిమ్మట జరుగునది పండుగ యనిపించుకొనదు.

ఇండ్లలో ఎవరు ఏ పని చేయవలెనో పంచాయతీ ఉత్తర్వు వేయజాలదు, వేయరాదు కూడ. కాని ఇంటిపనిలో కొంతభాగము ఊరిపని సరిగ జరుగకపోవుటచే పెరిగినది. కుళాయి నీరు ఎప్పుడు వచ్చునో తెలియనిచో ఇల్లాలు బిందెల దగ్గర కాచుకొనవలెను. మురుగు కాలువ పొంగినచో వాకిలి రెండుమారులు కడుగవలెను. కావున పెత్తరమాసకు వారము ముందుగనే కాలువలు తీయించి, మోటార్లు, వాల్వులు పరీక్ష చేయించి, పండుగ దినములలో నీరు విడుచు వేళను ముందే చాటింపు వేయించినచో, ప్రతి యింట కనీసము ఒక గంట మిగులును. బోరు మోటారు కాలిపోయినచో బాగుచేయు మనిషి సద్దులనాడు దొరకడు. ఇది అనుభవము మీద అందరికిని తెలిసినదే. పారిశుద్ధ్య కార్మికులకు కూడ ఇల్లు, పండుగ కలవు. పని ముందుగ ముగించినగాని వారిని ఆ దినములలో వంతులవారీగ ఇంటికి పంపుటకు వీలు కాదు.

బతుకమ్మ ఆడు చోటును గూర్చి ఒక మాట. పాట ఒకరు ఎత్తుకొనగా తక్కిన వారందుకొని, చప్పట్లు చరచుచు వలయముగ తిరుగుట ఈ ఆటకు ప్రాణము. ముసలమ్మ నోటి పాట మనుమరాలి నోటికి ఇచ్చటనే వచ్చును. ఇటీవల పెద్దపెద్ద సౌండు పెట్టెలు, డీజేలు తెచ్చుచున్నారు. ఆ మ్రోతలో పాట ఎత్తుకొను గొంతు వినబడదు. ఎత్తుకొనువారు క్రమముగ మానివేయుచున్నారు. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడుస్పీకర్లు వాడరాదు. ఏడాదికి 15 దినములు మించకుండ, పండుగలకు రాత్రి 12 వరకు సడలింపు నిచ్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. అయినను చట్టము మాట అటుంచి, సాయంకాలము ఒక గంట పెట్టెలు కట్టివేసి వృద్ధ స్త్రీలను పాడుమని కోరిన ఎట్లుండునో ఒక ఏడు చూడదగును. వారు కూర్చుండుటకు నాలుగు బల్లలు వేయించుట పెద్ద ఖర్చు కాదు. నాయకుల ఉపన్యాసములు ఆ గంటలో లేకుండ చూచుకొనవలెను. ఇది చెప్పుటకు మొగమాటముగ నున్నది గాని చెప్పక తప్పదు.

నీట విడుచు చోట మెట్లకు పాచి తీయించి, లోతు తెలియునట్లు త్రాడు కట్టించి, దీపము పెట్టించవలెను. పిల్లలను చంకనెత్తుకొన్న తల్లులు చీకటిలో దిగు చోటది.

దసరానాటి సాయంకాలము జమ్మి ఆకు ఇచ్చి ఆలింగనము చేసికొను ఆచారమును అలాయ్ బలాయ్ అని పిలుచుచున్నాము. జమ్మి ఆకును బంగారమనుచు చిన్నవారు పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మ్రొక్కుదురు. దీనికి ఇల్లిల్లు తిరుగవలెను. తిరిగిన చోటనెల్ల కూర్చుండవలెను. వద్దనుచున్నను ఏదో యొకటి తినవలెను. ఒక వీధి దాటుటకు రెండు గంటలు పట్టును. ఆ రెండు గంటలలో ఎవరి మోకాలు నొచ్చుచున్నదో, ఎవరి కొడుకు ఉత్తరము వ్రాయడో, ఎవరి పింఛను ఆగినదో తెలియును. ఫోనులో పంపు జమ్మి బొమ్మకు ఈ వార్తలు తెలియవు. పంచాయతీ సభ్యులు తమ వార్డులో నడవలేని వృద్ధుల యిండ్లకు ఆనాడు ముందుగ పోయినచో బాగుండును. కాగితములు, అర్జీలు వెంట తీసికొనిపోవలదు. పింఛను సంగతి చెవిన పడినచో మరునాడు కార్యాలయములో చూచుకొనవచ్చును.

ఈ ఏర్పాట్లను పండుగకు నెల ముందు గ్రామసభలో పెట్టుట మంచిది. స్వయం సహాయక సంఘముల స్త్రీలను ప్రత్యేకముగ పిలిచి, పండుగనాడు తమకు అన్నిటికంటె భారమగు పని యేదో చెప్పుమని అడుగవలెను. మేమూహించిన జాబితా వేరు, వారు చెప్పునది వేరు కావచ్చును. ఒక ఊరిలో నీరు, మరియొక ఊరిలో పిండిగిరణి దగ్గర వరుస, ఇంకొక చోట పసిపిల్లలను చూచువారు లేకుండుట. వేఱొక ఊరి ఏర్పాటును తెచ్చి అతికించిన ప్రయోజనము లేదు.

పూలరైతుల మాట మరల ఎత్తవలసి యున్నది. దసరా ప్రొద్దెక్కిన పిమ్మట పూలబేరము తగ్గును. ఆ యిండ్లవారు ఆ సాయంకాలము నిద్రపోదురు. తరువాతి ఒకటి రెండు దినములే వారికి నిజమైన పండుగ. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతమున పూలతోటలు హెచ్చుగనున్న పంచాయతీలు ఆ దినములలో సమావేశములు గాని, పన్నుల వసూలు గాని పెట్టుకొనకుండుట మంచిది. పాఠశాలకు దసరా సెలవులు అప్పటికి మిగిలియే యుండును. వీలైనచో ఆ రెండు దినములును చెరువు గట్టున దీపములు తీసివేయకుండ ఉంచవలెను. పూలు కోసిన యిండ్ల ఆడపిల్లలు తోటలో మిగిలిన బంతిపూలతో అప్పుడు ఆడుకొందురు.