మీకు తెలుసా? మీ హాల్లో సినిమా కరెంటు స్తంభం దిగి వస్తోంది!

మోరి పేరు చెప్పగానే గోదావరి వాళ్లకు జీడిపప్పు గుర్తొస్తుంది. టీవీ కూడా గుర్తు రావాలండీ! ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించడానికి అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కడికి వచ్చారో తెలుసా? విజయవాడకు కాదు. విశాఖకూ కాదు. అంతర్వేది ఉన్న సఖినేటిపల్లి మండలంలోని ఈ మోరికే! తేదీ 2016 డిసెంబరు 29. పట్నాల్లో చాలామంది ఇంకా డిష్షు సర్దుకుంటున్న రోజులవి. అప్పుడే కోనసీమ కొబ్బరితోటల మధ్య గాజు తీగ మీద టీవీ ఆడింది. ఆయ్!

మోరిని స్మార్ట్ విలేజీ చెయ్యాలని పట్టుపట్టిన పెద్దమనిషి ఒకరున్నారు. ప్రొఫెసర్ సాలమన్ డార్విన్. పాఠాలు చెప్పేది అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో. మరి అంత దూరాన ఉన్నాయనకు మోరి మీద ఎందుకంత ప్రేమ? సొంతూరు కాబట్టి!

ఆ తీగ ఊళ్లోకి ఎలా వచ్చిందో చూశారా? రోడ్డు తవ్వలేదు. గొయ్యి తియ్యలేదు. కరెంటు స్తంభాలు పట్టుకుని నడిచి వచ్చేసింది! రాష్ట్రమంతా కలిపి దాదాపు 24,000 కిలోమీటర్లు! భూమధ్యరేఖ చుట్టుకొలతలో సగం దాటిపోయింది. మీరు రోజూ దాని కిందనుంచే సైకిలు తొక్కుతున్నారు!

కరెంటు తీగల పక్కనే మరో తీగా? షాక్ కొట్టదా? కొట్టదు! అందులో ఉండేది గాజు. గాజులో కరెంటు పారదు. వెలుగు మాత్రమే పారుతుంది. ఈ ఒక్క కిటుకుతో ఎంత మిగిలిందో వినండి. నేల తవ్వి వేస్తే సుమారు 5,000 కోట్ల రూపాయలు అవుతుందన్న పనిని 333 కోట్లలో కానిచ్చేశారు!

ఇంతకీ వెలుగు పారే దారి ఎంత సన్నం? 9 మైక్రాన్లు! ఒక్క మిల్లీమీటరు వెడల్పులో ఇలాంటి దారులు నూటికి పైగా పక్కపక్కనే పట్టేస్తాయి. మీ ఇంటిల్లిపాదీ చూసే సీరియళ్లు, క్రికెట్టు, భక్తి పాటలు అన్నీ ఆ సందులోంచే!

ఇంకో రహస్యం చెప్పనా? ఆ వెలుగు మన కంటికి కనపడదు! ఇంటికి వచ్చే వెలుగు తరంగం పొడవు 1,490 నానోమీటర్లు. మన కన్ను 700 దాటగానే చేతులెత్తేస్తుంది. అందుకే తీగ తెగితే బాగుచేసే కుర్రాడు ఎర్ర లేజరు పెన్ను తెచ్చి ఒక చివర గుచ్చుతాడు. ఎక్కడ తెగిందో అక్కడ ఎర్రగా కారుతుంది! సినిమా తెచ్చేది కనపడని వెలుగు. దెబ్బ పట్టిచ్చేది కనపడే వెలుగు. తెగిన తీగ చివర మాత్రం కన్ను పెట్టి చూడకండేం! కనపడకపోయినా కంటికి చేటు.

వేగం మాటేమిటి? గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. కాకినాడ నుంచి హైదరాబాదు దాకా 500 కిలోమీటర్ల తీగ వేశారనుకోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్సుకు రాత్రంతా పట్టే దారి! వెలుగుకు సెకనులో నాలుగు వందలో వంతు చాలు. మీరు రెప్ప వేసి తీసేలోపు ఎన్నోసార్లు వెళ్లి వచ్చేస్తుంది!

ఇది వింటే ఇంకా ముచ్చటేస్తుంది. ధవళేశ్వరం నీళ్లు కాలువలోకి, కాలువ నుంచి బోదెల్లోకి చీలినట్టే వీధి మొదట్లో వెలుగు చీలుతుంది! స్తంభం మీద చిన్న డబ్బా. అందులో స్ప్లిట్టరు. ఒక్క తీగలో వచ్చిన వెలుగును 32 ఇళ్లకు పంచేస్తుంది. దానికి కరెంటు ఎంత కావాలి? సున్నా! బ్యాటరీ లేదు, మోటారు లేదు, తిరిగేది ఏదీ లేదు. గాజే చీలుస్తుంది, గాజే పంచుతుంది!

పక్కింటాయన చూస్తున్న సినిమా మీ ఇంటి దాకా వస్తోందంటే నమ్ముతారా? వస్తోంది! స్ప్లిట్టరు ఎవరి వెలుగు ఎవరిదో చూడదు. అందరిదీ అందరికీ పంపేస్తుంది. మీ డబ్బా మీది మాత్రం ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. పోనీ పక్కింటిది తొంగి చూద్దామా? కుదరదు! దానికి 128 బిట్ల తాళం వేసుకోవచ్చు. పక్కింటాయన ఏం చూస్తున్నాడో తెలియాలంటే గోడ ఎక్కాల్సిందే!

ఊరంతా ఒకే ఛానెల్ పెట్టారనుకోండి. తీగ మీద ఎన్ని కాపీలు పరుగెత్తాలి? ఒక్కటి! వెయ్యి ఇళ్లు చూసినా ఒక్కటే! ఫైబర్ బాక్సులో ఛానెళ్లు వచ్చే పద్ధతి ఇది. యూట్యూబు అలా కాదు. వెయ్యి ఇళ్లు చూస్తే వెయ్యి కాపీలు! టీవీ అదే, తీగ అదే, లోపల లెక్కే వేరు.

మొదట్లో ఈ తీగ మీద నడిచే ఏపీ ఫైబర్‌నెట్ నెల చందా ఎంతో గుర్తుందా? 149 రూపాయలు! అందులోనే ఇంటర్నెట్టు. అందులోనే ఫోను. అందులోనే రెండు వందల యాభై ఛానెళ్లు!

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ట దాటి నరసాపురం వెళ్లినవాళ్లకు ఏటి వెడల్పు ఏమిటో తెలుసు. ఏటి మీద తీగ వెయ్యకుండానే ఇంటర్నెట్టు దాటించొచ్చని విన్నారా? గాలిలో లేజరు కిరణం చాలు! గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ అనే ప్రయోగశాల ఈ పరికరాలు చేసింది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌తో ఒప్పందం కుదిరింది. ఏకంగా 2,000 లింకులకు!

ఏరు దాటడం ఉత్త మాట కాదండోయ్! ఆఫ్రికాలో కాంగో నదికి అటు ఒక రాజధాని, ఇటు ఒక రాజధాని. మధ్య దూరం 4.8 కిలోమీటర్లు. తీగతో చుట్టి రావాలంటే వందల కిలోమీటర్లు! అక్కడ ఇదే లేజరు 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్లు దాటించేసింది. మొదట ఈ లేజరును తయారు చేసింది ఎక్కడ వాడటానికో చెప్పుకోండి చూద్దాం. ఆకాశంలో తేలే బెలూన్ల మధ్య!

వానాకాలం డిష్షు ఎందుకు మొరాయిస్తుందో తెలుసా? సిగ్నలు భూమి నుంచి ఉపగ్రహానికి 36,000 కిలోమీటర్లు ఎక్కుతుంది. మళ్లీ అంతా దిగుతుంది. దారిలో దానికి అడ్డే లేదు! తీరా మీ డాబా మీదికి వచ్చేశాక, ఆఖరి నాలుగైదు కిలోమీటర్లలో గోదావరి మబ్బు మింగేస్తుంది! గాజు తీగకు ఆ గొడవ లేదు. వాన ఎంత కొట్టినా వెలుగు తడవదు. గాలివానకు స్తంభమే ఒరిగిపోతే మాత్రం దేవుడే దిక్కు.

ఆకాశం నుంచి పల్లెకు టీవీ నిన్నా మొన్నటి ముచ్చట కాదు! 1975లోనే జరిగింది. అమెరికా ఉపగ్రహం ఒకటి అరువు తెచ్చుకుని, 6 రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఏడాది పాటు కార్యక్రమాలు చూపించారు. మన రాష్ట్రం కూడా అందులో ఉంది! మరి డిష్షు దేంతో చేశారు? కోళ్ల గూటికి కట్టే ఇనుప వలతో!

ఒకప్పుడు పెళ్లింట్లో వీడియో క్యాసెట్టు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు చూసేవాళ్లు. ఆ 3 గంటల క్యాసెట్టులో టేపు విప్పి పరిస్తే ఎంతుంటుంది? పావు కిలోమీటరు! ఒక వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా!

ఇప్పుడు టేపు లేదు. మరి నెట్టులో సినిమా ఎలా వస్తుంది? ముక్కలు ముక్కలుగా! ఒక్కో ముక్క కొన్ని సెకన్లే. 6 సెకన్ల చొప్పున కోస్తే రెండున్నర గంటల సినిమా 1,500 ముక్కలు! మీ టీవీ ముందు ముక్కలు తెచ్చి పక్కన పెట్టుకుంటుంది. నెట్టు మందగిస్తే ఏం చేస్తుంది? తర్వాతి ముక్క కాస్త మసకది అడుగుతుంది! హీరో ముఖం ఉన్నట్టుండి అలుక్కుపోయి మళ్లీ తేటపడేది అందుకే. తప్పు కెమెరామన్‌ది కాదు!

మసక కాదు, అసలు బొమ్మే ఎంత పెద్దదో చూడండి. ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలు! అన్నీ సెకనుకు 60 సార్లు మారాలి. కుదించకుండా పంపితే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. మీ ఇంటికి వచ్చేది? సుమారు 5 మెగాబిట్లే! ఆరు వందల వంతుల్లో ఒక్కటే వచ్చింది. మిగతాది ఏమైంది? మారని గోడను, కదలని కొండను మళ్లీ మళ్లీ పంపరు. కదిలింది మాత్రమే పంపుతారు. మీ కన్ను మోసపోయింది. హాయిగా మోసపోయింది!

ఇక మా వీధిలో అందరూ పొరబడే సంగతి. ఫోనులో కాస్ట్ గుర్తు నొక్కితే వీడియో ఫోనులోంచి టీవీకి వెళ్తుందనుకుంటారు. లేదండీ! ఫోను టీవీకి చిరునామా మాత్రం చెప్తుంది. అంతే! ఆ తర్వాత టీవీయే నేరుగా నెట్టుకు వెళ్లి వీడియో తెచ్చుకుంటుంది. మీరు ఫోను జేబులో వేసుకుని కిళ్లీ కొట్టుకు వెళ్లినా సినిమా ఆగదు! ఈ విద్యను ఇంటింటికీ తెచ్చిన క్రోమ్‌కాస్ట్ 2013లో పుట్టింది. అమ్మకం ఆపేసేనాటికి ప్రపంచంలో 10 కోట్లకు పైగా అమ్ముడైపోయింది!

ఫోను తెర ఉన్నదున్నట్టు టీవీ మీద కనపడేలా చేసే స్క్రీన్ మిర్రరింగ్ మాత్రం వేరే కథ. అక్కడ ప్రతి చుక్కా ఫోనే మోయాలి. అందుకే 2 గంటల సినిమా అయ్యేసరికి ఫోను కాలిపోతూ ఉంటుంది!

టీవీ వెనక చెయ్యి పెట్టి చూడండి. హెచ్‌డీఎంఐ తీగ దొరుకుతుందా? దాని మూతిలో ఎన్ని కాళ్లున్నాయో లెక్కపెట్టండి. 19! బొమ్మ, మాట, రిమోట్ సైగ అన్నీ వాటి మీదే!

మూల గదిలో పాత లావుపాటి టీవీ ఉందా? పారెయ్యకండి! పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. నెట్టు బాక్సుకూ దానికీ మధ్య చిన్న మార్పిడి డబ్బా పెడితే అది కూడా యూట్యూబు చూపిస్తుంది! బొమ్మ మొత్తం వెళ్లేది ఆ పసుపు తీగ ఒక్కదాంట్లోనే. మనకు కనపడే గీతలు 576. ఫుల్ హెచ్‌డీ టీవీలో ఉన్నవాటిలో దాదాపు సగమే. అయినా పాత నలుపు తెలుపు సినిమాలకు ఆ పెట్టే అందం!

వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పెట్టగానే హాల్లో సినిమా తడబడిందా? దెయ్యం కాదు! ఓవెనూ వైఫై డబ్బా చాలావరకు ఒకే తరంగం మీద పాడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర! అందులో ఓవెన్ గొంతే పెద్దది.

ఇది మాత్రం గోదావరి జిల్లాల్లో ప్రతి క్రికెట్ పిచ్చోడికీ అనుభవమే. మీ నెట్టు టీవీలో బౌలరు ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు. ఈలోగా వీధి చివర టీ కొట్టులో ఒకటే కేక! సిక్సరు కొట్టేశాడు! వాళ్లది కేబులు, మీది నెట్టు. ముక్కలు పేర్చుకునే తీరిక కోసం నెట్టు ఒక్కోసారి 30 సెకన్లు వెనకబడుతుంది. స్టేడియం నుంచి వచ్చిన బొమ్మ కంటే టీ కొట్టు నుంచి నడిచొచ్చిన కేక ముందు చేరింది!

2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్. హాట్‌స్టార్‌లో ఒకే క్షణాన ఎంతమంది చూశారో ఊహించగలరా? ఫోన్లూ టీవీలూ కలిపి 5.9 కోట్లు! 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభా మొత్తం 5 కోట్ల లోపే! రాష్ట్రం రాష్ట్రమంతా ఒకేసారి టీవీ పెట్టినా ఆ అంకె అందదు. ఓడిపోయాం, అది వేరే బాధ.

కొవ్వూరులో పుట్టిన పిల్లాడి పాట ప్రపంచం మొత్తం హాళ్లలో మోగింది! ఎవరో తెలుసుగా? కీరవాణి! ఆయన బాణీలు కట్టిన ఆర్ఆర్ఆర్ హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో 2022 మేలో వచ్చింది. కొద్ది వారాల్లోనే 4.5 కోట్ల గంటలకు పైగా చూశారు. ఒక్క మనిషే కూర్చుని అన్ని గంటలూ చూడాలంటే 5,000 ఏళ్లు పైనే పడుతుంది!

మన లంక గ్రామపు ఇల్లు కూడా తెరకెక్కింది. నిత్యా మేనన్ నటించిన 'కుమారి శ్రీమతి' 2023లో ప్రైమ్ వీడియోలో వచ్చింది. కథ తూర్పు గోదావరిలో తాతల నాటి ఇంటి కోసం పోరాటం. మొత్తం 7 భాగాలు. డాలస్‌లో కూర్చున్న కోనసీమ వాళ్లు పెంకుటింటి అరుగు చూసి నిట్టూర్చే ఉంటారు!

టిక్కెట్టు లేదు. క్యూ లేదు. ఇంట్లోనే మొదటి రోజు మొదటి ఆట! ఏపీ ఫైబర్‌నెట్ 2023 జూన్ 2న ఈ ప్రయోగం మొదలుపెట్టింది. మొదటి సినిమా 'నిరీక్షణ'. ధర అప్పట్లో 99 రూపాయలు. 24 గంటల్లో ఇంటిల్లిపాదీ ఎన్నిసార్లయినా చూసుకునే వీలుండేది. పాప్‌కార్న్ ఖర్చు కూడా మిగిలిపోయింది!

యూట్యూబులో మొట్టమొదటి వీడియో ఎంతసేపో తెలుసా? 19 సెకన్లు! జూలో ఏనుగుల ముందు ఒక కుర్రాడు నిలబడి మాట్లాడతాడు. అంతే! మరి ఇప్పుడు? ఒక్క టీవీల మీదే రోజుకు 100 కోట్ల గంటల యూట్యూబు నడుస్తోంది!

రిమోట్ మీద అక్షరాలు వెతుక్కోవడం బామ్మలకు కష్టం. మాట్లాడితే చాలు! 2017 ఆగస్టులో గూగుల్ 30 భాషలకు మాటతో వెతికే విద్య నేర్పింది. అందులో తెలుగూ ఉంది! మా వీధిలో ఒక పెద్దావిడ రిమోట్‌ను 'ఏమండీ' అని పిలిచి మరీ అడుగుతుంది.

2015లో గోదావరి పుష్కరాలు జరిగాయి. అప్పటికి జియో లేదు. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో లేదు. ఆహా యాప్ లేదు. మోరిలో ఫైబరు లేదు! ఇవన్నీ 12 ఏళ్లు తిరక్కుండానే వచ్చేశాయి. మళ్లీ పుష్కరాలు 2027లో. రాజమండ్రి రేవును ఈసారి హాల్లో నెట్టు టీవీలోనే చూసుకోవచ్చు. స్నానానికి మాత్రం రేవుకే వెళ్లాలి. నీళ్లు మోసే ఫైబరు ఇంకా రాలేదండీ!