యంత్రపు నాడి

రోగము పొడసూపిన దినమునకును, రోగి మంచము పట్టిన దినమునకును నడుమ నుండు కాలమే వైద్యునకు దక్కిన కాలము. ఆ కాలమును జారవిడిచిన పిదప ధన్వంతరియే దిగివచ్చినను చేయగలిగినది స్వల్పము. యంత్రములకును ఇట్టి కాలమొకటి కలదు. చెడుటకు మొదలిడుటకును, విరిగిపడుటకును నడుమ దినములు, వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు గడచును. ఆ నడిమి కాలమున యంత్రము మూగదై యుండదు. వేడిచేతను, అదురుచేతను, చప్పుడుచేతను తన బాధను తెలుపుచునే యుండును. వినువాడు లేకపోవుట యంత్రముయొక్క దోషము కాదు.

ఈ విషయమును విచారించుటకు లాలాగూడకంటె తగినచోటు మన ప్రాంతమున అరుదు. నిజాము ప్రభుత్వపు హామీతో నడచిన రైల్వే కంపెనీవారు 1893లో ఇచట కర్మాగారమును నెలకొల్పిరి. నిజాము రైల్వే పోయినది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. కర్మాగారము మాత్రము నేటికిని రైలుపెట్టెలను బాగుచేయుచునే యున్నది. విద్యుత్తుతో నడచు ఇంజనుల షెడ్డును ఇచటనే కలదు. వేలకొలది జనమును మోసికొనిపోవు ఆ ఇంజను ఎంత బలశాలియైనను, దాని గర్భమున దాగియున్న ఒక చిన్న యంత్రము పనిచేయనిచో అడుగు కదల్పలేదు. ఆ యంత్రమే గాలిని నొక్కి నిలువచేయు కంప్రెసరు.

బ్రేకులు పట్టుటకు గాలి కావలెను. పట్టిన బ్రేకులు విడుచుటకును గాలియే కావలెను. పైతీగనుండి విద్యుత్తును గ్రహించు పాంటోగ్రాఫును లేపుటకును గాలియే గతి. నిలువగాలి బొత్తిగా లేనపుడు బ్యాటరీతో నడచు ఒక బుల్లి కంప్రెసరు ముందుగా ఆ పని చేసిపెట్టును. 1869లో వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకును కనిపెట్టెను. 1872లో దానిని మార్చి, గొట్టములోని ఒత్తిడి పడిపోయినచో బ్రేకులు తమంతట తామే పట్టునట్లు చేసెను. నేడును మన బండ్ల బ్రేకు గొట్టములో చదరపు సెంటీమీటరునకు 5 కిలోగ్రాముల ఒత్తిడి నిలిచియున్నంతవరకే చక్రములు స్వేచ్ఛగా తిరుగును. కావున కంప్రెసరు చెడిన బండి ప్రమాదమునకు పరుగెత్తదు, నడిదారిలో నిలిచిపోవును. దాని వెనుక మరి నాలుగు బండ్లు నిలిచిపోవును.

అనేక ఇంజనులలో నున్న కంప్రెసరు, పిస్టను ముందువెనుకలకు కదలుచు గాలిని నొక్కు జాతికి చెందినది. దీనిలో మిక్కిలి నలుగునవి వాల్వులు. పిస్టను ఒకసారి పోయివచ్చునప్పటికి ప్రతి వాల్వును ఒకసారి తెరచుకొని మూసికొనవలెను. యంత్రము నిమిషమునకు వేయి చుట్లు తిరిగినచో, ఆ పలుచని ఉక్కుపలక గంటకు అరువదివేల పర్యాయములు తన పీఠమును కొట్టుకొనును. దుమ్మో, తేమయో, మాడిన నూనెయో అడ్డుపడెనా, అది బీటవారును. ఈ జాతి యంత్రములు అకస్మాత్తుగా ఆగిపోవుటకు గల కారణములలో వాల్వులదే అగ్రస్థానము.

యంత్రపు మాట వినుట మన పనివారికి కొత్త విద్య కాదు. స్టేషనులో బండి ఆగినపుడు సుత్తితో చక్రమును తట్టి, ఖంగుమను నాదమును బట్టి అది గట్టిదో బీటవారినదో చెప్పిన రైల్వే పనివానిని పెద్దలు ఎరుగుదురు. పొడవైన స్క్రూడ్రైవరు మొనను యంత్రమునకు ఆనించి, పిడిని చెవికి చేర్చి, లోపలి చప్పుడును విను ఫిట్టరు నేటికిని ప్రతి షెడ్డులో నున్నాడు. అతని చెవికి పట్టము లేదు. అంతమాత్రమున అది శాస్త్రము కాకపోలేదు. అయితే ఆ చెవి అతనితోనే ఉద్యోగవిరమణ పొందును. అతడు విన్నది కాగితముపై నిలువదు. నేటి పరికరములు చేయుచున్న గొప్ప పని ఇదియే: ఒకని అనుభవమును పదిమంది చదువదగిన లెక్కగా మార్చుట.

ఆ లెక్క ఎట్టిదో కొంచెము చూతము. గాలిని ఒక్కపెట్టున నొక్కిన మితిమీరి వేడెక్కును. అందుచే రెండు అంతస్తులలో నొక్కి, నడుమ చల్లార్చెదరు. వాయుమండలపు ఒత్తిడిని ఒకటిగా నెంచి, దానిని తొమ్మిదింతలు చేయవలెనన్నచో, మొదటి సిలిండరు మూడింతలు చేయును. రెండవది ఆ మూడింటిని మరల మూడింతలు చేయును. కాబట్టి నడిమి ఒత్తిడి మూడు. అది మూడునకు మించి పెరుగుచున్నచో రెండవ సిలిండరు వాల్వులు కారుచున్నవని అనుమానింపవలెను. తగ్గుచున్నచో మొదటి సిలిండరును శంకింపవలెను. ఒక్క గేజి, రెండు సిలిండరుల గుట్టును చెప్పుచున్నది!

గాలిని లోనికి పీల్చు వాల్వుమూత సాధారణముగా చల్లగా నుండును. అది కారుచున్నచో, నొక్కబడి వేడెక్కిన గాలి వెనుకకు తన్ని ఆ మూతను వేడిచేయును. నాలుగు మూతలలో ఒక్కటి తక్కినవానికంటె వేడిగానున్నచో రోగి దొరికినట్లే. పిన్ను వదులైనచో, పిస్టను కడ్డీపై బలము తోపునుండి లాగుడునకు మారునట్టి క్షణముననే టక్కున చప్పుడగును. కంపనమును కొలుచు పరికరము ఆ చప్పుడు చుట్టులో ఏ భాగమున పుట్టెనో చూపును. కడ్డీ క్రమముగా క్రిందికి దిగుచున్నచో పిస్టను భారమును మోయు పట్టీ అరుగుచున్నదని తెలియును. నూనెలో ఇనుము కనబడిన సిలిండరునో పిస్టను రింగులనో, రాగి కనబడిన బుష్షులనో, ఇసుక జాడ కనబడిన గాలి వడపోతనో పరీక్షింపవలెను. ఒత్తిడిని, ఘనపరిమాణమును కలిపి గీయు బొమ్మ వీటన్నిటికి తాత వంటిది. వాట్‌గారి సహాయకుడగు జాన్ సదరన్ 1796లో ఆవిరియంత్రమునకై దానిని గీయు ఉపాయమును కనిపెట్టెను. నేటి కంప్యూటరు తెరపై కనబడునదియు ఆ బొమ్మయొక్క సంతతియే.

యంత్రరక్షణమున రెండు తప్పుదారులు కలవు. విరుగువరకు నడపుట మొదటిది. ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వుట యని దీనికి పేరు. పంచాంగము చూచి, గడువు వచ్చినంతనే ఆరోగ్యముగానున్న యంత్రమునుగూడ విప్పుట రెండవది. గడువులు అక్కరలేదని మేమనుట లేదు. రైల్వేలకు అవియే వెన్నెముక. కాని విప్పిన ప్రతిసారియు దుమ్ము చేరుటకును, బోల్టు వదులగుటకును అవకాశము కలుగుచుండును. గడువునకు ముందే చెడినది పంచాంగమునకు తెలియదు. గడువు దాటినను చెడనిదియు తెలియదు. యంత్రమునే అడిగి తెలిసికొనుట మూడవదారి.

ఈ మూడవదారికి నియమములు కలవు. యంత్రము ఆరోగ్యముగానున్ననాటి లెక్కను వ్రాసిపెట్టుకొనవలెను. ఏలన, దానిని పోల్చవలసినది మొదట దానితోనే. మే మాసపు హైదరాబాదు ఎండలోని వేడిని డిసెంబరు ఉదయపు వేడితో పోల్చరాదు. ఒక్కనాటి లెక్కకంటె పదివారముల వరుస విలువైనది. అనవసరముగా మ్రోగు గంట మిక్కిలి హానికరము. “నాన్నా, పులి” యని అల్లరికి అరచిన కుర్రవాని కథ కర్మాగారములకును చెల్లును.

అన్నిటికంటె ముఖ్యము, కొలువవలసినచోట కొలుచుట. 2020 మే 7వ తేదీన విశాఖపట్టణపు వెంకటాపురములో స్టైరీను ఆవిరి వెలువడి పదిమందికి పైగా నిద్రలోను, పరుగులోను ప్రాణములు విడిచిరి. అచట చెడినది కంప్రెసరు కాదు. కాని పాఠము ఒక్కటే. ఆ టాంకి వేడిని అడుగున మాత్రమే కొలుచుచుండిరని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తేల్చెను. పైభాగమున వేడి పెరుగుచుండగా అడుగునున్న పరికరము కుశలమని చెప్పుచుండెను. రైలులో కంప్రెసరు చెడిన ఆలస్యము. మండు వాయువును నొక్కు కర్మాగారములో కంప్రెసరు చెడిన మరణము. పరికరము కలదను ధైర్యము, పరికరము లేదను భయముకంటె అపాయకరము కావచ్చును.

ఇక అసలు మాట. ఎర్రదీపము వెలిగిన పిదప ఏమి జరుగుచున్నది? యంత్రము ఆపినచో ఉత్పత్తి తగ్గును. తగ్గినచో పైవాడు సంజాయిషీ అడుగును. ఆపకున్నచో ఈ రాత్రికి గండము గడచును. ఇట్టి తక్కెడను చేతికిచ్చి, పనివానిని జాగరూకుడవై యుండుమనుట న్యాయమా? చప్పుడు విన్నవానికి యంత్రమును ఆపు అధికారము వ్రాతమూలముగా నుండవలెను. విప్పి చూడగా ఏ దోషమును కనబడకపోయినను అతనికి మాట రాకూడదు. ఈ ఒక్క నియమము లేనిచోట లక్షలు పోసి కొన్న పరికరములు గోడకు వ్రేలాడు అలంకారములే.

లాలాగూడకు దాపుననే తార్నాక పరిసరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయము కలదు. 1929లో దాని ఇంజనీరింగు కళాశాల పుట్టినది. 1944లో మొదలైన పరిశోధనాలయము నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయై వెలయుచున్నది. 1961లో స్థాపితమైన భూభౌతిక పరిశోధన సంస్థ భూమియొక్క కంపనములను ఆలకించుచున్నది. భూకంపము రేపు ఏ గంటకు వచ్చునో భూమి మనకు ముందుగా చెప్పదు. యంత్రమో, చెప్పుచున్నది! ఇంత విద్య ఒకచోట చేరియుండగా, షెడ్డులోని ఫిట్టరు చెవియు కళాశాలలోని గణితమును ఒక బల్లచుట్టు కూర్చుండుటకు అడ్డమేమి? విద్యార్థి ఆరుమాసములు అతని ప్రక్కన నిలిచి, అతడు విన్న ప్రతి చప్పుడునకును ఎదురుగా లెక్కను వ్రాసినచో, అది దేశమునకు దక్కు ఆస్తి యగును.

యంత్రమును కొనుటకు ధనము చాలును. దానిని ఎరిగి నడపుటకు ఓర్పు కావలెను, తన క్రిందివాని మాటను వినునట్టి వినయము కావలెను. ఈ రెండవది ఏ దేశమునుండియు దిగుమతి కాదు.